కాతిబ్ సాబ్ అటాచ్‌మెంట్లు

“అన్నా, మీ దోస్తు మఠంల చేరిండట” అని విజయలక్ష్మి ఫోన్‌లో అనేసరికి నా చేతిలోని ఇడ్లీ ముక్క జారి సాంబారులో జలసమాధి అయింది.

విజయలక్ష్మి వైకుంఠం భార్య. వైకుంఠం నా చిన్నప్పటి స్నేహితుడు, ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు అచ్చువేసే వ్యాపారి. మా నాన్నగారు బందరు నుంచి బదిలీ మీద సంతోష్‌నగర్ వచ్చినప్పుడు, కొత్త బళ్ళో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న మొదటి మనిషి వాడు. అప్పటి నుంచి నేను వైకుంఠానికి వెళ్తూనే ఉన్నాను. “ఊళ్ళో ఆడవాళ్ళందరి మొగుళ్ళూ వైకుంఠానికి ఒక్కసారే పోతారు, నా మొగుడే పోయి మళ్ళీ టిఫిన్‌కి వచ్చేస్తాడు” అని మా ఆవిడ రాగసుధ ఇరుగుపొరుగు దగ్గర వాపోతూ ఉంటుంది.

“ఏ మఠం అమ్మా?” అని అడిగాను.

“నాకేమెర్క అన్నా. పొద్దుగాల షాపుకు పోయిండు. ఫోన్ జేసి ‘మఠంల ఇరుక్కున్న, బువ్వకు రాను, నా కోసం ఎదురు చూడకు’ అన్నడు. ఇంట్ల లొల్లి గిట్ల ఏం గాలే. నిన్న కాకరకాయ వండిన. గంతే.”

“కాకరకాయకి సన్యాసం పుచ్చుకునేవాడైతే వాడు పెళ్ళైన వారానికే వెళ్ళిపోయేవాడు. నువ్వు కంగారుపడకు, నేను చూసొస్తాను.”

“చూసుడు గాదు, పట్టుకొని రా. నేను గూడ బువ్వ డబ్బ పట్టుకొని వస్త” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండో శనివారం, ఆఫీసు లేదు. బండి తీసి బయల్దేరాను. ఛత్తాబజార్‌లో బండికి జాగా దొరకడం మెడికల్ సీటు దొరకడం కంటే కష్టం కాబట్టి మదీనా చౌరస్తా దగ్గరే ఆపి, మిగతా దారి నడిచాను. కార్డుల కట్టలు నెత్తిన పెట్టుకున్న మనుషులూ, రంగుల వాసనా, ప్రతి మెట్టు మీదా ఆరబెట్టిన వేరే ఎవరిదో శుభముహూర్తం. వైకుంఠం కొట్లో ముందుభాగం కార్డుల నమూనాలు, వెనక అచ్చుయంత్రం, దాని దగ్గర పనివాడు ఎల్లప్ప. మధ్యలో, నల్ల తెర ఉన్న కంప్యూటర్ ముందు, నా స్నేహితుడు. నెత్తిన జుట్టు ఉన్నంతవరకూ ఉంది. కాషాయం ఎక్కడా లేదు, గోడ మీద పాన్ మరక తప్ప.

“నువ్వు మఠంలో చేరావట కదా స్వామీ” అన్నాను.

“ఎవడన్నడు?”

“మీ ఆవిడ.”

వాడు నుదురు కొట్టుకున్నాడు. “మఠం గాదు భాయ్. మట్. ఎమ్ యూ టీ టీ. మట్‌ల ఇరుక్కున్న అన్న. ఆమె మఠంల అన్కున్నది.”

మట్ అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. అది ఈమెయిళ్ళు చదివే ప్రోగ్రాము. బొమ్మలుండవు, బటన్లుండవు, మౌస్‌తో పని లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతే. అక్షరం నొక్కితే పని, నొక్కకపోతే మౌనం. ఆ లెక్కన మఠమే. మేం ఇద్దరం డిగ్రీ అయ్యాక కోఠిలో ఒక మేడ మీద కంప్యూటర్ కోర్సు చేరినప్పుడు ఇంటర్‌నెట్ అంటేనే నల్ల తెర. మోడెమ్ ఫోన్‌లో కీచుమంటుంటే, లైను కలిసేదాకా గది మొత్తం ఊపిరి బిగబట్టేది. మొట్టమొదటి మెయిల్ నేను వైకుంఠానికి పంపాను. వాడు నా పక్క బల్ల మీదే ఉన్నాడు. పంపేసి, కుర్చీ జరుపుకొని వెళ్ళి, “వచ్చిందా?” అని అడిగాను. “ఇంకా రాలే, నువ్వొచ్చినవ్” అన్నాడు వాడు.

తర్వాత లోకమంతా రంగుల తెరలకి మారింది. వీడు మారలేదు. ఎందుకురా అంటే, “మౌస్ ఎక్కుడు వినాయకుని పని, మనకెందుకు?” అంటాడు. ధూల్‌పేట్ వినాయక విగ్రహాల వాళ్ళకి వీడే ఆహ్వానపత్రికలు వేస్తాడు కాబట్టి ఆ విషయంలో అధికారం ఉందనుకోవాలి. గిరాకీలు ఫొటోలు ఎల్లప్ప ఫోన్‌కి వాట్సాప్‌లో పంపుతారు. వీడి మెయిల్‌కి వచ్చేది మ్యాటర్ మాత్రమే, అంటే కార్డు మీద వేయాల్సిన అక్షరాలు. అందుకని వీడి మట్‌కి బొమ్మలతో ఏనాడూ పని పడలేదు.

“ఇరుక్కోవడం ఎందుకు?” అన్నాను.

“గిది చూడు. తెల్లారి వచ్చింది. పొద్దటి సంది చూస్తున్న, సమజైతలేదు.”

తెర నిండా బాణం మొనల మధ్య ఇరుక్కున్న ఇంగ్లీషు. ప్రతి రెండు మాటలకీ ‘టేబుల్’, మళ్ళీ ‘టేబుల్’.

“మొదలు బల్లలు, కుర్చీలు అమ్మేటోడేమో అన్కున్న” అన్నాడు వైకుంఠం. “తీసేద్దామని కిందికి పోతే దస్తగీర్, బీదర్ అని కనబడ్డది. మన ఉస్తాద్ పేరు భాయ్. చెయ్యి ఆగిపోయింది.”

దస్తగీర్ సాబ్ పేరు వినగానే నాకూ ఒక నిమిషం జోకు తోచలేదు. నాకు తోచకపోవడం ఎంత అరుదో నా స్నేహితులకు తెలుసు.

ఆయన కాతిబ్. అంటే ఉర్దూ అక్షరాలు చేత్తో అందంగా రాసే మనిషి. వైకుంఠం వాళ్ళ నాయన కాలం నుంచి ఈ కొట్లో అచ్చయిన ప్రతి ఉర్దూ రుఖా, అదే ముస్లిముల పెళ్ళికార్డు, ఆయన కలం నుంచి వచ్చిందే. వెదురు కలం చెక్కుకుంటూ మెట్టు మీద కూర్చుంటే మేం బళ్ళో నుంచి వస్తూ చూసేవాళ్ళం. ‘సీన్’ అక్షరాన్ని ఆయన లాగితే, జారుడుబల్ల మీద పిల్లవాడు జారినట్టుండేది. పని పూర్తయిన రోజున కొట్లోకి వచ్చేవారు, కాగితాన్ని ఇత్తడి గుండు కింద మాట్లాడకుండా పెట్టేవారు, మామిడిపళ్ళ ధర గురించీ, మోకాళ్ళ గురించీ మాట్లాడి, చాయ్ తాగి వెళ్ళిపోయేవారు. కాగితం సంగతి ఆయన ఎత్తరు. వీళ్ళ నాయనా ఎత్తరు. ఆయన వీధి మలుపు తిరిగాకే గుండు తీసి చూసేవాళ్ళు. “నీ పని తెచ్చిన అంటే పైసలు తియ్యి అన్నట్టు. నా పనేది అంటే నీ చెయ్యి మందమైంది అన్నట్టు. రెండూ మాట్లాడొద్దు” అని వైకుంఠం వాళ్ళ నాయన మాకు చెప్పేవారు. ఆ మర్యాద ఆ కొట్లో గోడలకి సున్నంలా పట్టేసింది.

తర్వాత దస్తగీర్ సాబ్ కూతురి దగ్గరుండటానికి బీదర్ వెళ్ళిపోయారు. అక్కడి నెట్ సెంటర్ నుంచి మెయిళ్ళు రాస్తానన్నారు, రాశారు. పని మాత్రం ఆగిపోయింది. వైకుంఠం కొన్నాళ్ళు ఎదురుచూసి, కంప్యూటర్ ఉర్దూ ఫాంటు కొన్నాడు. ఆ రోజు నాకు ఫోన్ చేసి, “ఉస్తాద్ కలం పెట్టేసినట్టున్నడు భాయ్” అని మాత్రం అన్నాడు.

“జరుగు” అని నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. “ఇది వెబ్ పేజీలా రాసిన మెయిల్. నీ మట్‌కి అది ఎలా చూపించాలో తెలీదు. మనం చెప్పాలి. దీనికి మెయిల్‌కాప్ అని ఒక ఫైలు ఉంటుంది.”

“కాప్ అంటే?”

“టోపీ.”

“నాకు టోపీ పెడుతున్నవా?”

“నీకు కాదు, మెయిల్‌కి. ఏ రకం సరుకొస్తే ఏ ప్రోగ్రాముకి అప్పజెప్పాలో అందులో రాస్తాం. ఈ బాణాల సరుకొస్తే, బాణాలు పీకేసి అక్షరాలు మాత్రమే ఇమ్మని ఒక లైను. చివర కోపియస్ అవుట్‌పుట్ అని పెట్టాలి.”

“కోపిష్టి ఎందుకు?”

“కోపియస్. సరుకు చాలా వస్తుంది, తెర మీదే పారబోయమని అర్థం. తర్వాత మట్‌కి ఆటో వ్యూ అని ఇంకో లైను.”

“ఆటో గూడ మాట్లాడిండు. ఎల్లప్పా, చాయ్ చెప్పు” అన్నాడు వైకుంఠం.

ఫైలు దాచి మెయిల్ మళ్ళీ తెరిచాను. బాణాలు పోయాయి. బల్లలు పోయాయి. మధ్యలో నాలుగైదు వరుసల ఇంగ్లీషు శుభ్రంగా మిగిలింది. నేను తెలుగులో చదివి వినిపించాను.

‘వైకుంఠం అంకుల్‌కి సలాం. నేను బీదర్ నుంచి, దస్తగీర్ సాబ్ మనవరాలు సఫియాని. నాకు నికా కుదిరింది. రుఖా మీ దగ్గరే వేయించాలని మా నానాది, అంటే తాతగారిది, పట్టు. దాని మీద నా పేరు నానా చేతిరాతలోనే ఉండాలని నా పట్టు. ఇప్పుడాయన చెయ్యి వణుకుతోంది, రాయలేరు. కానీ నా పేరు ఎప్పుడో రాసి మీకు పంపానంటున్నారు. శనివారం మధ్యాహ్నం ఇద్దరం వస్తాం. ప్రూఫ్ చూపిస్తారా?’

శనివారం అంటే ఈవాళే. చాయ్ వచ్చింది. వైకుంఠం తాగలేదు.

“నాకు పంపలే భాయ్” అన్నాడు నెమ్మదిగా. “పోయిన సంది ఒక్క ముక్క పంపలే. గిప్పుడు వస్తడు. పంపలే అంటే మనవరాలి ముంగట ముసలాయన అబద్ధాలోడైతడు. పంపిండంటే నేను పారేసినోన్నైత. ఏమని చెప్పాలె?”

“ఆయన మెయిళ్ళు ఉన్నాయా?”

“ఎందుకుండవు. ఒక్కటి గూడ తీసెయ్యలే. కంప్యూటర్లు మారినయ్, ఉత్తరాలు మారలే.”

‘ఉస్తాద్’ అనే పేరుతో ఒక పెట్టె తెరిచాడు. మొదటి మెయిల్: ‘అస్సలామ్ అలైకుమ్. బీదర్‌లో ఎండలు గట్టిగున్నయి. మీ నాయన మోకాళ్ళు ఎట్లున్నయి. మా అల్లుడు మంచోడు. ఖుదా హాఫిజ్.’ అంతే. దాని కింద గీతల మధ్య ఇంగ్లీషులో ఒక ముక్క: ఈ బొమ్మను చూపించలేను, ‘వి’ నొక్కి చూడండి.

“వైకుంఠం, ఈ కింద లైను ఏమిటి?”

“అది అడ్వటైజ్‌మెంట్ భాయ్. నెట్ సెంటరోడు పెడ్తడు. మన కార్డు కింద మనం ‘ముద్రణ: వైకుంఠం కార్డ్స్, ఛత్తాబజార్’ అని ఏస్తం గద, గట్ల. కార్డు కింద చిన్న అక్షరాలు ఎవరు సద్వుతరు?”

నేను వాడి మొహం వంక చూశాను. పెళ్ళికార్డులు అచ్చువేసేవాడు తప్ప ఇంకెవడూ ఈ పొరపాటు చేయలేడు.

“ఒక కవరు తీసుకో” అన్నాను. “మీ రుఖా కవర్లో ఏముంటాయి?”

“కార్డు. వలీమా దావత్ చిట్టీ. ఫంక్షన్ హాలు మ్యాపు.”

“మెయిల్ కూడా అంతే. దాన్ని మల్టీపార్ట్ అంటారు. పైన అక్షరాలు ఒక భాగం, లోపల ఇంకేదో ఇంకో భాగం. నువ్వు ఇన్నేళ్ళూ కార్డు చదివి, కవరు దులపలేదు.”

వాడు ‘వి’ నొక్కాడు. రెండు వరుసలు వచ్చాయి. మొదటిది అక్షరాలు, రెండోది బొమ్మ. రెండోదాని మీద ఎంటర్ కొట్టాడు. తెర నిండా పిచ్చిగీతలు, చుక్కలు.

“చూసినవా, ఉత్త చెత్త” అన్నాడు, కానీ గొంతులో ధీమా లేదు.

“దీనికీ టోపీ పెట్టాలి. బొమ్మ వస్తే బొమ్మలు చూపించే ప్రోగ్రాముకి ఇమ్మని చెబుదాం.” ఇంకో లైను రాశాను. “ఇప్పుడు కొట్టు.”

కొట్టాడు. నల్ల తెర మీద తెల్లటి కిటికీ తెరుచుకుంది. దాంట్లో, ఇప్పుడే కలం ఎత్తినంత నల్లగా, ‘షాదీ ముబారక్’. సీన్ అక్షరం కాదుగానీ దాని తోబుట్టువు షీన్, అదే జారుడు.

వైకుంఠం తెర మీదికి వంగాడు. రెండో మెయిల్ తెరిచాడు. మామిడికాయల సంగతి. దాని కింద బిస్మిల్లా. మూడోది అల్లుడి ప్రమోషన్. దాని కింద అక్షరాలతోనే అల్లిన నెమలి. ఎల్లప్ప యంత్రం ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. ఒక్కో ఖైరియత్, అంటే ఒక్కో క్షేమసమాచారం, దాని కింద ఒక్కో కాగితం. మనిషి బీదర్ నుంచి వచ్చి, ఇత్తడి గుండు కింద పెట్టి, చాయ్ తాగి, వెళ్ళిపోతూనే ఉన్నాడు. గుండు తీసినవాడు లేడు.

“అటాచ్‌మెంట్ లేదనుకున్న భాయ్” అన్నాడు వైకుంఠం చివరికి.

సాధారణంగా ఇలాంటి మాట నా నోటి నుంచి రావాలి. వాడే అన్నాడు, నవ్వించడానికి కాదు.

“పేరు వెతుకు” అన్నాను. “టైమవుతోంది.”

నాకు ఉర్దూ అంతంతమాత్రం, వాడికి బాగా వచ్చు. నేను మీటలు నొక్కుతూ పోయాను, వాడు చదువుతూ పోయాడు. పెట్టె అడుగుకి వచ్చేశాం. పేరు లేదు. మళ్ళీ పైనుంచి వచ్చాం. ఒక మెయిల్లో, ‘ఇంట్ల ఒక చిన్న మెహమాన్ వచ్చింది. రాత్రి నిద్ర లేదు. మీ ఆవకాయ అయిపోయింది’ అని ఉంది. మెహమాన్ అంటే అతిథి, ఇంట్లో పాప పుట్టిందన్నమాట. ఇందాక దీని కింద ఒక బొమ్మ చూసి దాటేశాం. కానీ దీంట్లో మూడు వరుసలున్నాయి, రెండు కాదు. మూడోదాని మీద కొట్టాను.

ఒక్క మాట. ఒక్క మాట కోసం కాగితమంతా తెల్లగా వదిలేశారు.

“సఫియా” అని చదివాడు వైకుంఠం. “ఎల్లప్పా, గిది తీస్కపో. ఇంత మందం కాగితం పెట్టు. జల్ది.”

ఎల్లప్ప ప్రూఫ్ తెచ్చేలోపే విజయలక్ష్మి ఆటో దిగింది. చేతిలో డబ్బా, కళ్ళలో అనుమానం. ముందు మొగుడి నెత్తి చూసింది, తర్వాత బట్టలు చూసింది, తర్వాత నా వైపు తిరిగింది.

“ఏదీ అన్నా, మఠం?”

నేను కంప్యూటర్ చూపించాను. ఆమె దాన్ని పైనుంచి కిందికి చూసి, “గిండ్ల ఇరుక్కున్నందుకేనా బువ్వకు రాంది? నేను తొవ్వ పొడుగునా ఏడ్చుకుంట వచ్చిన. ఆటోవోడు గూడ బాధపడ్డడు” అంది.

ఆమె డబ్బా మూత తీస్తుండగానే మెట్ల దగ్గర చప్పుడయింది. తెల్ల షేర్వాణీ, చేతికర్ర, ఆయన మోచెయ్యి పట్టుకొని ఒక అమ్మాయి. దస్తగీర్ సాబ్ సన్నబడ్డారు, కానీ కొట్లోకి వచ్చే తీరు మారలేదు. లోపలికొచ్చి, కూర్చొని, “వైకుంఠం మియా, విజయమ్మా, ఖైరియత్?” అన్నారు. పని గురించి మాట లేదు.

వైకుంఠం కూడా పని గురించి మాట్లాడలేదు. ఎల్లప్ప తెచ్చిన ప్రూఫ్‌ని ఆయన ముందు బల్ల మీద పెట్టి, ఇత్తడి గుండు పక్కకి తీశాడు.

అమ్మాయి ముందుకు వంగింది. “నానా, ఇది మీ రాతే కదా?”

ముసలాయన ఆ పేరును చాలాసేపు చూశారు. వణుకుతున్న వేలితో ఫే అక్షరం మీద చుక్కను తాకారు. అప్పుడు ఎప్పుడూ చేయని పని చేశారు. కాగితం సంగతి ఎత్తారు.

“అంటే నీకు ముట్టింది. అన్నీ ముట్టినయి. మరి కైకు మియా, ఒక్కటి గూడ అచ్చు చెయ్యలే? బీదర్‌ల పెళ్ళిళ్ళకు పోయిన. మీ కొట్టు రుఖాలు చూసిన. అన్నీ కంప్యూటర్ అక్షరాలే. దస్తగీర్ చెయ్యి ఇగ పనికిరాదు, మొహం మీద చెప్తే బాగుండదని వైకుంఠం ఊకున్నడు అన్కున్న. అందుకే పంపుడు బంద్ చేసిన.”

వైకుంఠం ఆయన ముందు స్టూల్ లాక్కొని కూర్చున్నాడు. నన్ను చెప్పమంటాడేమో అనుకున్నాను, నా దగ్గర మల్టీపార్ట్ మీద నాలుగు జోకులు సిద్ధంగా ఉన్నాయి. వాడు నా వైపు చూడనే లేదు.

“ఉస్తాద్, నాకు ముట్టలే” అన్నాడు. “ఇయ్యాల పొద్దుగాల దాక ముట్టలే. మీరు రాసిన ఖైరియత్ నాకు కనబడ్డది. కింద బొమ్మ ఉన్నదని మిషన్ చెప్పింది, ‘వి’ నొక్కమన్నది. అది నెట్ సెంటర్ వాళ్ళ అడ్వటైజ్‌మెంట్ అన్కున్న. మీరు కలం పెట్టేసిండ్రు అన్కున్న. అడుగుదామంటే మీ చెయ్యి మందమైందా అన్నట్టుంటది. మా నాయన మాట దాటలే.”

సఫియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నానా, మెయిల్లో ‘పని పంపిన, చూడు’ అని ఒక్క మాట రాయలేదా?”

“గట్ల రాస్తే పైసలు అడిగినట్టు గద బేటా.”

“అంకుల్, మీరు ఫోన్లో ‘పని పంపండి’ అని ఒక్క మాట అడగలేదా?”

“ఉస్తాద్‌ను ఎట్ల అడుగుత తల్లీ?”

విజయలక్ష్మి డబ్బా మూత పట్టుకొని అలాగే నిలబడిపోయింది. “అంటె ఆయన పంపుకుంట పొయ్యిండు, ఈయన చూడకుంట పొయ్యిండు, ఇద్దరు మర్యాద చేసుకుంట ఇన్నేండ్లు ముసలోళ్ళైండ్రు. అంతేనా?”

“అంతే” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

దస్తగీర్ సాబ్ కుర్చీని తెర దగ్గరికి జరుపుకున్నారు. చూపించమన్నారు. వైకుంఠం ఒక్కొక్కటే తెరుస్తూ పోయాడు. అందరం వెనక గుమిగూడాం. షాదీ ముబారక్ దగ్గర ఆయన తల ఊపారు. బిస్మిల్లా దగ్గర కళ్ళు మూసుకున్నారు. నెమలి దగ్గర ముందుకు వంగి, కళ్ళద్దాలు తుడుచుకొని, మళ్ళీ చూసి, వైకుంఠం భుజం తట్టారు.

“దీని మెడ మస్తు వంకరొచ్చింది మియా. గిదొక్కటి నువ్వు చూడకపోవుడే మంచిగైంది.”